సూది వేసేటప్పుడు పసికందుకు నొప్పి తగ్గించడం ఎలా?

నవజాత శిశువుల వార్డులో నర్సుగా పనిచేస్తున్న నన్ను బాలింతలు, వారి వెంట ఉండే అమ్మమ్మలు, నానమ్మలు అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఒక్కటే: "సూది వేస్తుంటే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది, మేము చూస్తూ ఊరుకోవడమేనా?" ఊరుకోనక్కరలేదు. మందు ఏదీ లేకుండానే ఆ నొప్పిని చాలావరకు తగ్గించవచ్చు. అందుకు కావలసినవి చాలావరకు తల్లి దగ్గరే ఉంటాయి.

పూర్తి ఆరోగ్యంతో పుట్టిన బిడ్డకు కూడా మొదటి వారంలో విటమిన్ కె సూది, హెపటైటిస్ బి టీకా, బి.సి.జి. టీకా తప్పవు. ఒళ్ళు పచ్చబడితే పసిరికల పరీక్షకు రక్తం తీస్తారు. థైరాయిడ్ పరీక్ష చేసే ఆసుపత్రుల్లో రెండు మూడు రోజులు నిండాక మడమ మీద గుచ్చి కొన్ని చుక్కల రక్తం తీసుకుంటారు. నెలలు నిండకుండా పుట్టి ప్రత్యేక విభాగంలో ఉన్న బిడ్డకైతే ఇలాంటివి ఒకే రోజులో పలుమార్లు జరుగుతాయి. ఈ చిన్న పనులకు ముందుగా పారాసిటమాల్ చుక్కలు వేసినా ప్రయోజనం లేదు. మడమ గుచ్చినప్పటి నొప్పిని ఆ మందు తగ్గించదు. తగ్గించేవి తల్లి రొమ్ము, తల్లి ఛాతీ వెచ్చదనం, పొత్తిళ్ళు, కదలకుండా పొదివి పట్టుకున్న రెండు చేతులు. అయితే వీటిని సూది పడ్డాక మొదలుపెడితే సగం ఫలితం పోతుంది. సూదికి ముందే మొదలుపెట్టాలి. మా వార్డులో నేను తల్లులకు పదే పదే చెప్పే మాట ఇదే.

పసిబిడ్డకు నొప్పి అంతగా తెలియదని పెద్దలు అంటారు. ఒకప్పుడు వైద్యులూ అలాగే నమ్మి, 1980ల వరకు కొన్నిచోట్ల నవజాత శిశువులకు శస్త్రచికిత్సలు సైతం అరకొర మత్తుతోనే చేశారు. 1987లో బ్రిటన్‌లో కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ అనే వైద్యుడు, ఆయన సహచరులు కలిసి, శస్త్రచికిత్స సమయంలో సరైన నొప్పి మందు అందిన నెలలు నిండని శిశువుల శరీరం తక్కువ ఒత్తిడికి లోనైందని, వారికి తర్వాతి చిక్కులు కూడా తగ్గాయని చూపించారు. అప్పటి నుంచి ఈ విషయంలో వైద్యుల ఆలోచన మారింది. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ముందు వైపు తెరుచుకునే జాకెట్టు లేదా నైటీ, పైన కప్పుకోవడానికి ఒక చున్నీ గానీ పలుచని దుప్పటి గానీ.
- ఉతికి ఆరబెట్టిన మెత్తటి నూలు బట్టలు రెండు. పాత పంచె గుడ్డ, పాత నూలు చీర ముక్క అన్నిటికంటే మంచివి. నైలాన్, పాలిస్టర్ వద్దు.
- వీపు ఆనించుకునే కుర్చీ, లేదా మంచం మీద వీపు వెనక దిండ్లు.
- కొత్త డైపరు. తడి బట్టతో చిరాకుగా ఉన్న బిడ్డను ఊరుకోబెట్టడం కష్టం.
- సబ్బుతో కడిగి, రుద్ది వెచ్చబరచుకున్న చేతులు. చల్లటి చెయ్యి తగిలితే బిడ్డ సూదికి ముందే ఉలిక్కిపడుతుంది.
- తల్లి రాలేని పరిస్థితి ఉంటే, పిండి తీసిన తల్లిపాలు శుభ్రమైన చిన్న గిన్నెలో, పాలాడ (ముక్కు ఉన్న చిన్న పాల గిన్నె) లేదా చెంచాతో పాటు.

తేనె, గ్రైప్ వాటర్, వాము నీళ్ళు, ఇంట్లో కలిపిన పంచదార నీళ్ళు ఈ జాబితాలో లేవు. ఎందుకు లేవో కింద చెబుతాను.

తల్లి పక్కనే ఉన్నప్పుడు: పాలు పడుతూ సూది వేయించుకునే పద్ధతి

1. ముందుగా సిబ్బందిని అడగండి. సిరంజి చేతికి తీసుకున్నాక అడిగితే ఎవరికైనా తొందరే ఉంటుంది. రోజు మొదట్లోనే, "సిస్టర్, ఈ రోజు బాబుకు సూది ఉందా? పాలు పడుతూ ఉండగా వేస్తారా? ఒక అయిదు నిమిషాల ముందు చెప్పండి" అని అడిగి ఉంచండి. మంచం దగ్గరే చేయడానికి వీలవుతుందా, బిడ్డను వేరే గదికి తీసుకువెళ్ళాలా అన్నది కూడా అప్పుడే తెలుసుకోండి. వేరే గది అయితే, "నేనూ వస్తాను" అని చెప్పండి. తల్లి తన బిడ్డ దగ్గర ఉంటానని అడగడంలో తప్పేమీ లేదు.

2. బిడ్డ ఆకలి సమయం చూసుకోండి. అప్పుడే కడుపు నిండా తాగి నిద్రపోయిన బిడ్డ మళ్ళీ రొమ్ము పట్టదు. అలాగని రెండు మూడు గంటలు ఆకలితో ఉంచవద్దు. ఆకలితో ఏడ్చే బిడ్డకు సూది నొప్పి మరింత ఎక్కువవుతుంది. వెతుక్కుంటూ నోరు తెరవడం, చెయ్యి నోట్లో పెట్టుకోవడం కనిపించే వేళ సరైనది.

3. ఏ వైపు రొమ్ము ఇవ్వాలో సూది పడే చోటును బట్టి ఎంచుకోండి. చాలామంది ఈ చిన్న విషయం మరిచిపోయి, చివరి నిమిషంలో బిడ్డను అటూ ఇటూ తిప్పుతారు. మన దేశంలో బి.సి.జి. ఎడమ భుజం పైభాగంలో, పుట్టగానే ఇచ్చే హెపటైటిస్ బి ఎడమ తొడ వెలుపలి వైపు వేస్తారు. బిడ్డ పొట్ట మీ పొట్టకు ఆనేలా అడ్డంగా పడుకోబెట్టి ఎడమ రొమ్ము ఇస్తే, బిడ్డ ఎడమ భుజం, ఎడమ తొడ రెండూ పై వైపుకే వస్తాయి. సూది కుడి వైపు అయితే కుడి రొమ్ము ఇవ్వండి. మడమ పరీక్షకు ఏ వైపైనా ఫరవాలేదు. పాదం మాత్రం దుప్పటి బయట, బిడ్డ ఒంటి కంటే కాస్త కిందికి ఉండాలి. పాదం కిందికి వేలాడితే రక్తం తేలికగా వస్తుంది.

4. సూదికి కనీసం అయిదు నిమిషాల ముందు రొమ్ము పట్టించండి. నోరు బాగా తెరిచి, చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు నోట్లోకి తీసుకుని, గడ్డం రొమ్ముకు ఆనించి, లయగా చప్పరిస్తూ మింగుతూ ఉండాలి. చనుమొన చివర మాత్రమే పట్టుకుని ఉంటే, లేదా నోట్లో పెట్టుకుని నిద్రపోతూ ఉంటే దాని వల్ల నొప్పి తగ్గదు. అప్పుడు అరికాలు మెల్లగా నిమిరి లేపి, మళ్ళీ సరిగా పట్టించండి.

5. బిడ్డ మింగే చప్పుడు క్రమంగా వినిపిస్తున్నప్పుడు తల ఊపి సిస్టర్‌కు సైగ చేయండి. ఆ సమయంలో మీ చెయ్యి బిడ్డ వీపు మీద నిశ్చలంగా, కాస్త బరువుగా ఉండనివ్వండి. సూది పడే కాలును లేదా చేతిని సిస్టర్ పట్టుకుంటారు. మిగిలిన చేతులు, కాళ్ళు మీ ఒంటికి దగ్గరగా ఉండేలా చూసుకోండి.

6. సూది గుచ్చగానే బిడ్డ ఒక్క క్షణం చప్పరించడం ఆపి, రొమ్ము వదిలి ఏడవవచ్చు. కంగారుపడి ఎత్తి ఊపవద్దు. కదలకుండా అదే భంగిమలో ఉంచి, పెదవులకు చనుమొన తాకించండి. చాలామంది బిడ్డలు కొద్ది క్షణాల్లోనే మళ్ళీ అందుకుంటారు.

7. పని అయిపోయాక కనీసం మరో రెండు మూడు నిమిషాలు, వీలైతే బిడ్డ తనంతట తాను వదిలే వరకు పాలు పడుతూనే ఉండండి. డైపరు సరిచేయడం, బట్టలు తొడగడం అన్నీ ఆ తర్వాతే.

దీని మీద రెండు అభ్యంతరాలు వింటూ ఉంటాను. మొదటిది, పాలు తాగుతూ ఏడిస్తే పొలమారుతుందని. నెలలు నిండి, ఆరోగ్యంగా, రొమ్ము బాగా పట్టే బిడ్డల విషయంలో ఇంతవరకు జరిగిన పరిశీలనల్లో అటువంటి ప్రమాదం బయటపడలేదు. ఏడుపు రాగానే బిడ్డ రొమ్ము వదిలేస్తుంది కూడా. తల కాస్త ఎత్తుగా ఉంటే చాలు. రెండోది, ఇలా చేస్తే బిడ్డ రొమ్మునూ నొప్పినీ ముడిపెట్టుకుని తర్వాత పాలు తాగదని. దీనికీ ఆధారం లేదు. నేను చూసిన బిడ్డలు సూది తీయకముందే మళ్ళీ తాగడం మొదలుపెట్టారు. మూడు రోజుల పాప ఒకతె నాకు బాగా గుర్తుంది. మడమ మీద లాన్సెట్ (రక్తం కోసం గుచ్చే చిన్న సూది పరికరం) తగలగానే పాప అయిదు కాలివేళ్ళూ విసనకర్రలా విచ్చుకున్నాయి, కనుబొమల మధ్య చిన్న ముద్ద లేచింది, తల్లి గుండెల్లో ముఖం ఒకసారి అటూ ఇటూ కదిలింది. అంతే. మూడో చుక్క రక్తం కాగితం మీద పడే లోపు వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి, దవడ మళ్ళీ ఆడసాగింది. ముందు రోజు అదే పాపను ఒంటరిగా బల్ల మీద పడుకోబెట్టి గుచ్చినప్పుడు గది అవతలి వరకు ఏడుపు వినిపించింది.

పాలు పట్టే వీలు లేకపోతే

సిజేరియన్ తర్వాత తల్లి ఇంకా కూర్చోలేకపోవచ్చు, బిడ్డకు రొమ్ము పట్టే శక్తి ఇంకా రాకపోవచ్చు, బిడ్డకు నోటి ద్వారా ఏమీ ఇవ్వవద్దని వైద్యులు చెప్పి ఉండవచ్చు. అటువంటప్పుడు కింది వాటిలో వీలైనవి వాడండి. రెండు మూడు కలిపి వాడితే ఒక్కదాని కంటే ఫలితం ఎక్కువ.

ఛాతీ మీద పడుకోబెట్టుకోవడం. దీన్నే కంగారూ పద్ధతి అంటున్నాం. 1978లో కొలంబియా దేశపు బొగొటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గర్ రే అనే వైద్యుడు తక్కువ బరువు బిడ్డలను తల్లుల ఛాతీకి కట్టి వెచ్చగా ఉంచే పద్ధతి మొదలుపెట్టారు. నొప్పిని తగ్గించడంలోనూ అది పనిచేస్తుందని తర్వాత తెలిసింది. బిడ్డకు డైపరు, టోపీ మాత్రమే ఉంచి, మీ రెండు రొమ్ముల మధ్య నిలువుగా, కప్ప కాళ్ళు ముడుచుకున్నట్టుగా పడుకోబెట్టండి. తల ఒక పక్కకు తిరిగి, మెడ మరీ ముందుకు గానీ వెనక్కి గానీ వంగకుండా, ముక్కు, నోరు మీకు ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. పైన దుప్పటి కప్పి పది పదిహేను నిమిషాలు ఆగండి. బిడ్డ ఊపిరి నెమ్మదించి, ఒళ్ళు వదులైన తర్వాత సూది. సూది తర్వాత కూడా పదిహేను నిమిషాలు అలాగే ఉంచండి. తల్లి ఆపరేషన్ గదిలో ఉంటే ఇది తండ్రి చేయవచ్చు, అమ్మమ్మ చేయవచ్చు. చొక్కా విప్పి బిడ్డను గుండెల మీద పెట్టుకోమంటే మొదట మొహమాటపడిన తండ్రులే, తర్వాత రోజూ తమ వంతు ఎప్పుడని అడుగుతారు. దగ్గు, జలుబు, చర్మం మీద కురుపులు ఉన్నవారు మాత్రం చేయకూడదు.

పొదివి పట్టుకోవడం. ఇది ఇంక్యుబేటర్‌లో ఉన్న బిడ్డకూ, ఏ కారణం చేతనైనా కదపకూడని బిడ్డకూ పనికివస్తుంది. వెచ్చటి అరచేతిని బిడ్డ నడినెత్తి మీద గిన్నెలా బోర్లించండి. రెండో అరచేతితో రెండు పాదాలను కలిపి, మోకాళ్ళు పొట్ట వైపు మడిచి ఉంచండి. బిడ్డ చేతులు నోటి దగ్గరకు వచ్చేలా చూడండి. కడుపులో ఉన్నప్పటి ముడుచుకున్న భంగిమ అది. చేతులు నిశ్చలంగా ఉండాలి. నెలలు తక్కువ బిడ్డ చర్మం మీద వేళ్ళతో మెల్లగా నిమరడం, తట్టడం వారికి ఓదార్పు కాదు, అదనపు చిరాకు. మానిటరు ఉంటే గుండె వేగం మామూలు స్థాయికి దిగే వరకు చేతులు తీయవద్దు. తీసేటప్పుడు కూడా ముందు పాదాల దగ్గరి చెయ్యి, తర్వాత తల మీది చెయ్యి, నెమ్మదిగా తీయండి.

పొత్తిళ్ళలో చుట్టడం. పలుచని నూలు బట్టలో చేతులు ఛాతీ మీదికి మడిచి చుట్టండి. సూది వేసే చెయ్యో కాలో మాత్రం బయట ఉంచండి. మన ఇళ్ళలో బిడ్డ కాళ్ళు వంకర పోకుండా నిటారుగా చాపి బిగించి కట్టే అలవాటు ఉంది. అది వద్దు. తుంటి కీళ్ళు సరిగా ఎదగాలంటే నడుము కింద బట్ట వదులుగా, మోకాళ్ళు మడిచి పక్కలకు తెరుచుకునేంత జాగా ఉండాలి. ఛాతీ మీద బట్టకూ ఒంటికీ మధ్య మీ రెండు వేళ్ళు దూరాలి. మే నెల ఎండల్లో పలుచటి బట్ట ఒక్క చుట్టు చాలు. పని అవగానే విప్పేయండి.

చప్పరించడానికి ఏదైనా ఇవ్వడం. గోళ్ళు తీసి, సబ్బుతో కడిగిన చిటికెన వేలిని, మెత్తటి వైపు బిడ్డ అంగిలికి తగిలేలా నోట్లో పెడితే బిడ్డ చప్పరిస్తుంది. ఆసుపత్రిలో సిబ్బంది చేతి తొడుగుతో ఇదే చేస్తారు. నెలలు తక్కువ బిడ్డలకు కొన్నిచోట్ల పాలపీక వాడతారు. ఆ కాసేపటికి ఉపయోగపడుతుంది, కానీ దాన్ని ఇంటికి తెచ్చుకుని అలవాటు చేయవద్దు. తల్లిపాలు తాగడం కుదురుకునే రోజులవి.

తీపి చుక్కలు. ఆసుపత్రుల్లో 24 శాతం సుక్రోజు ద్రావణాన్ని, మన దగ్గర ఎక్కువగా 25 శాతం డెక్స్‌ట్రోజును సూదికి రెండు నిమిషాల ముందు నాలుక ముందు భాగం మీద చుక్కలుగా వేస్తారు. నెలలు నిండిన బిడ్డకు ఒకటి రెండు మిల్లీలీటర్లకు మించదు. బాగా చిన్న బిడ్డకు ఒకటి రెండు చుక్కలే. దీని ప్రభావం కొద్ది నిమిషాలే ఉంటుంది. ఈ పని సిబ్బంది మాత్రమే చేయాలి. కొలతలో, శుభ్రతలో తేడా వస్తే పసి కడుపు తట్టుకోలేదు. పేగులకు ఇబ్బంది ఉందన్న అనుమానం ఉన్న బిడ్డకు, నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదన్న బిడ్డకు వైద్యుల మాట లేకుండా చుక్క కూడా వేయకూడదు. అందుకే ఇంట్లో కలిపిన పంచదార నీళ్ళు వద్దన్నాను. తేనె అసలే వద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకిస్తే అందులో ఉండగల బాట్యులిజం క్రిముల వల్ల కండరాలు చచ్చుబడి, ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. పాలు పట్టలేని పరిస్థితిలో పిండిన తల్లిపాలు కొద్దిగా నాలుక మీద వేయవచ్చు. అది రొమ్ము పట్టించినంత పనిచేయదు కాబట్టి పొదివి పట్టుకోవడంతో కలిపి వాడండి.

వీటన్నిటితో పాటు తల్లి గొంతు. బిడ్డ చెవికి దగ్గరగా, తగ్గు స్వరంలో, ఒకే లయలో మాట్లాడండి లేదా జోలపాట పాడండి. గిలక్కాయ ఊపడం, చిటికెలు వేయడం, ఫోనులో పాటలు పెట్టడం వద్దు. వీలైతే ముఖం మీద పడే దీపాన్ని పక్కకు తిప్పించండి.

సిబ్బందిని అడగదగినవి

గుచ్చకుండానే పని జరిగే వీలుందా అన్నది అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న. పసిరికలను చర్మం మీద ఆనించి కొలిచే పరికరం కొన్ని ఆసుపత్రుల్లో ఉంటుంది. దానితో మొదట చూసి, అవసరమైతేనే రక్తం తీస్తారు. రెండు పరీక్షలు రాస్తే ఒకేసారి రక్తం తీయడానికి కుదురుతుందేమో అడగండి. ఎక్కువ రక్తం కావలసి వస్తే మడమను పదే పదే పిండడం కంటే చేతి నరం నుంచి తీయడమే నెలలు నిండిన బిడ్డకు తక్కువ నొప్పి. అయితే అది చేయి తిరిగిన వారు చేయాలి. మడమే అయితే, గుచ్చడం కంటే పిండడం బిడ్డకు ఎక్కువ బాధ. మీట నొక్కితే తనంతట తాను గుచ్చి వెనక్కి వెళ్ళే లాన్సెట్ మామూలు సూది కంటే మేలు. గుచ్చవలసినది పాదం అడుగున మడమకు లోపలి పక్క లేదా వెలుపలి పక్క; మడమ వెనక వంపులోనూ, నడిమధ్యనా కాదు. గోరువెచ్చటి తడి బట్టతో మడమను మూడు నుంచి అయిదు నిమిషాలు చుట్టి ఉంచితే రక్తం తేలికగా రావచ్చు, కానీ దానివల్ల నొప్పి తగ్గుతుందని అనుకోవద్దు. వేడి బట్టను మీ ముంజేతి మీద పెట్టుకుని చూశాకే వాడండి; పసి చర్మం ఇట్టే కాలుతుంది.

రెండుసార్లు ప్రయత్నించినా నరం దొరకకపోతే, కాసేపు ఆగి మరొకరిని పిలవమని మర్యాదగా అడగవచ్చు.

నెలలు నిండని బిడ్డ విషయంలో

ఈ బిడ్డలు నొప్పితో గట్టిగా ఏడవకపోవచ్చు. ఏడవడానికి శక్తి చాలని బిడ్డ నొప్పి కలిగినప్పుడు మెత్తగా వాలిపోవచ్చు, ఊపిరి ఒక్క క్షణం ఆపవచ్చు, ఒంటి రంగు మారవచ్చు, మానిటరు మీద గుండె వేగం పెరిగి ఆక్సిజన్ అంకె తగ్గవచ్చు. కాబట్టి "మా బాబు సూదికి కదలనే లేదు" అంటే నొప్పి లేదని కాదు. ఒక పని తర్వాత మరొకటి వెంట వెంటనే చేయకుండా, మధ్యలో బిడ్డ తేరుకునేంత సమయం ఇవ్వమని అడగండి. డైపరు మార్చడం వంటివి కూడా సూది పని జరిగిన వెంటనే చేయకండి.

పుట్టినప్పుడు రెండు కిలోల కంటే తక్కువ బరువున్న, లేదా 34 వారాల లోపు పుట్టిన బిడ్డలకు నెల లోపు కంటి రెటీనా పరీక్ష చేయించాలి. ఆ పరీక్షలో కనురెప్పలు తెరిచి ఉంచే చిన్న పరికరం వాడతారు కాబట్టి బిడ్డకు బాధ ఉంటుంది. ఇందులో మాత్రం పాలు పడుతూ చేయడం కుదరదు. వాంతి కాకుండా ఒక గంట ముందే పాలు పట్టడం ముగించాలి. బిడ్డను పొత్తిళ్ళలో చుట్టించి, కంట్లో తిమ్మిరి చుక్కలు వేశారో లేదో అడిగి, తీపి చుక్కలు లేదా తల్లిపాల చుక్కలు, చప్పరించడానికి వేలు ఏర్పాటు చేయించండి. పరీక్ష అయిన వెంటనే ఛాతీ మీద పెట్టుకోండి. నొప్పి చూడలేక ఈ పరీక్షను వాయిదా వేయవద్దు. ఆలస్యమైతే చూపు పోవచ్చు.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే పెద్ద పొరపాటు ఆలస్యంగా మొదలుపెట్టడమని మొదటే చెప్పాను. దాని తర్వాతిది తొందరగా ఆపడం. సూది తీయగానే అందరూ "అయిపోయింది, అయిపోయింది" అంటూ బిడ్డను ఒక చేతి నుంచి మరో చేతికి మారుస్తారు. ఊరుకోబోతున్న బిడ్డ మళ్ళీ ఏడుపు అందుకుంటుంది.

కాళ్ళూ చేతులూ నలుగురు చేరి బలంగా అదిమి పట్టడం మరో తప్పు. సూది పడే చెయ్యి లేదా కాలు ఒక్కటి కదలకుండా ఉంటే చాలు, మిగిలిన ఒళ్ళు ముడుచుకుని ఉండాలి.

సూది వేసిన చోట పసుపు, కొబ్బరినూనె, కాఫీ పొడి, వేడి కాపడం, మంచు ముక్క ఏదీ పెట్టవద్దు, రుద్దవద్దు. బి.సి.జి. వేసిన చోట కొన్ని వారాలకు చిన్న పొక్కు లేచి, పుండై, మానిపోయి మచ్చ మిగులుతుంది. అది మామూలే, దాన్ని చిదమవద్దు.

టేపు పీకడం గురించి ఎవరూ ఆలోచించరు. కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం) ఊడదీసేటప్పుడు టేపును ఒక్కసారిగా పైకి లాగితే పసి చర్మం పొరతో సహా వస్తుంది. టేపును గోరువెచ్చటి నీటిలో ముంచిన దూదితో బాగా తడిపి, చర్మాన్ని ఒక వేలితో అదిమి పట్టి, టేపును చర్మానికి సమాంతరంగా వెనక్కి మడుస్తూ కొంచెం కొంచెంగా తీయాలి. సిబ్బందికి తీరిక లేకపోతే తడిపే పని మీరు చేస్తామని అడగండి.

నెలన్నర టీకాల రోజున కూడా ఈ పద్ధతే పాటించవచ్చు. నోటి చుక్కలు ముందు వేయించి, తర్వాత రొమ్ము పట్టించి, ఎక్కువ మంట పుట్టించే సూదిని చివరకు ఉంచమని ఏ.ఎన్.ఎం. గారిని అడగండి. బిడ్డకు చెవులు కుట్టించే రోజున కూడా పాలు పట్టిస్తూనే కుట్టించవచ్చు. శుభ్రత విషయంలో మాత్రం రాజీపడవద్దు.

పనిచేసిందో లేదో చూసుకోవడం

వార్డులో మేము వాడే కొలత ఒకటి ఉంది, ఇంటివారు కూడా తేలికగా వాడుకోవచ్చు. సూది పడిన నిమిషంలో ఈ ఆరింటినీ చూడండి.

- ముఖం: ప్రశాంతంగా ఉంటే 0, ముడుచుకుని ఉంటే 1.
- ఏడుపు: లేకపోతే 0, మూలుగులా ఉంటే 1, గట్టిగా ఆగకుండా ఉంటే 2.
- ఊపిరి: మామూలుగా ఉంటే 0, లయ తప్పితే 1.
- చేతులు: వదులుగా ఉంటే 0, బిగుసుకున్నా విదిలిస్తున్నా 1.
- కాళ్ళు: అదే లెక్క.
- మెలకువ: నిద్రలో లేదా ప్రశాంతంగా ఉంటే 0, చిరాకుగా మెలికలు తిరుగుతుంటే 1.

మొత్తం 7. మొత్తం 3 దాటితే బిడ్డ నొప్పితో ఉందని అర్థం. ఒకసారి 5 వచ్చి, మీరు పాలు పడుతూ ఉండగా రెండు మూడు నిమిషాల్లో 1 కి దిగిందంటే పద్ధతి పనిచేసినట్టే. ముఖంలో ముఖ్యంగా మూడు గుర్తులు చూడండి: కనుబొమల మధ్య ఉబ్బు, గట్టిగా బిగించిన కళ్ళు, ముక్కు పక్కల నుంచి పెదవుల మూలల వరకు లోతుగా పడే గీత. ఆకలి ఏడుపులో ఈ మూడూ ఒకేసారి ఇంత స్పష్టంగా సాధారణంగా కనిపించవు. అంకె దిగకపోతే, రొమ్ము పట్టు సరిగా ఉందా, బిడ్డకు చలిగా ఉందా, డైపరు తడిసిందా అని వరసగా చూసుకుని, తర్వాతి సారికి ఇంకొక పద్ధతిని జోడించండి.

ఈ పద్ధతులు సూది, టీకా, మడమ గుచ్చడం, టేపు తీయడం వంటి చిన్న పనుల కోసమే. వెన్నులోంచి నీరు తీయడం, ఛాతీలోకి గొట్టం వేయడం, సున్తీ వంటి వాటికి ఇవి చాలవు. వాటికి తిమ్మిరి మందు లేదా నొప్పి మందు ఏమిస్తున్నారో వైద్యులను ముందే అడగండి. ప్రాణాపాయ స్థితిలో చేసే చికిత్సను వీటి కోసం ఒక్క నిమిషం కూడా ఆపవద్దు. అలాగే ఇంటికి వెళ్ళాక నవజాత శిశువు ఒళ్ళు వెచ్చబడినా, గంటల తరబడి ఏడుపు ఆగకపోయినా, పాలు తాగడం మానేసినా, మగతగా పడి ఉన్నా, సూది వేసిన చోట ఎర్రబడి వాపు పెరుగుతున్నా, మడమ నుంచి రక్తం ఆగకుండా వస్తున్నా ఇంటి వైద్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. దారిలో బిడ్డను ఛాతీకి ఆనించుకునే రండి.